గంటక్కకు నిజంగానే వినపడదు

గంటక్క పార్లర్‌కు మొదటిసారి వచ్చినవాళ్లెవరూ ఆమెకు ఆ పేరెందుకు వచ్చిందని అడగరు. "రండి, కూర్చోండి" అని ఆమె మామూలుగా పలకరిస్తే చాలు, పక్కనున్న చెప్పుల దుకాణం ఆసామి ఉలిక్కిపడి చూస్తాడు. గంటక్కకు చిన్నప్పుడు విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం పోలేదు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి అది ఎంత దూరం వెళ్తుందో ఆమెకు తెలియదు. చెప్పే ధైర్యం ఉన్నది ఒక్క ఆడపడుచుకే. పార్లర్‌లో గోళ్ల రంగులూ కనుబొమలూ చూసుకునేది ఆ అమ్మాయే. అరచేతిని కిందికి దించుతూ "వదినా, కాస్త తగ్గించు" అని సైగ చేస్తుంది. గంటక్క తగ్గిస్తుంది. తగ్గించిన గొంతు కూడా చెప్పుల దుకాణం దాకా వెళ్లే ఆగుతుంది.

జుట్టు కత్తిరించేటప్పుడు వెనక నిలబడి అద్దంలో పెదవులు చదువుతుంది. ఎంత పొట్టిగా కావాలి, ముందు జుట్టు నుదుటి మీదికి రావాలా వద్దా, అంతవరకు ఆ అద్దంతో పని జరిగిపోతుంది. మూలనున్న, తల కడిగే బేసిన్ సంగతి వేరు. అక్కడ మనిషి వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటుంది, గోరువెచ్చని నీళ్లు పడతాయి, గంటక్క వేళ్లు మాడు మీద మెల్లగా తిరుగుతాయి. ఇక ఎంత గుంభనమైన మనిషికైనా నోరు తెరుచుకుంటుంది. వినే చెవి లేదని తెలుసు కాబట్టి మరీ తెరుచుకుంటుంది. అత్తగారి మీద కోపం, డాక్టరు చెప్పిన మాట, ఎవరికీ చెప్పని అనుమానం, అన్నీ ఆ నురుగులో కలిపేసి, ముక్కు చీదుకుని, తేలికపడి లేచేవాళ్లు. ఏదో చెప్పుకున్నారని గంటక్కకు తెలుసు. ఏమిటో తెలియదు, అడగదు. ఇన్నేళ్లలో ఆ బేసిన్ దగ్గరి మాట ఒక్కటి కూడా బయటికి పొక్కలేదు. నాదేముంది, అంతా నా చెవుల పుణ్యం అని నవ్వేసేది కానీ, లోపల ఆమెకు దాని మీద చెప్పలేనంత గర్వం.

అలాంటి పార్లర్‌లోకి ఒక యాప్ వచ్చింది. ఎదుటివాళ్లు మాట్లాడేదాన్ని అప్పటికప్పుడు అక్షరాలుగా మార్చి ఫోన్ తెర మీద చూపిస్తుంది. పైగా ఉచితం. గంటక్క ఫోన్‌ను అద్దం పక్కన స్టాండుకు తగిలించింది. మొదటి రోజే ఒకావిడ తన మొగుడి గురక మీద ఏదో జోకు వేసింది. తెర మీద ఆ జోకు చదివి గంటక్క పకపకా నవ్వింది. అందరితో పాటు, అందరూ నవ్విన క్షణంలోనే నవ్వింది. అంతకు ముందు వాళ్లు నవ్వడం చూసి నవ్వేది. ఆ తేడా ఎంతటిదో చెవులున్నవాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఆ పూట కత్తెర పక్కన పెట్టి, సరుకు చూసుకునే వంకతో వెనక గదిలోకి వెళ్లి, కళ్లు తుడుచుకుని వచ్చింది.

ఆ యాప్‌కు ఒక పాడు అలవాటు ఉండేది. సరిగ్గా ఎదుటి మనిషి మాట మధ్యలో ఉండగా ఏదో ఒక అనుమతి అడుగుతూ తెర మీద ఒక పెట్టె ఊడిపడేది. అక్షరాలన్నీ దాని వెనక. ఇక్కడ చేతిలో తడి జుట్టు, కత్తెర తెరిచి ఉంది, ఆవిడ అంటున్నది భుజాల దాకానా, చెవుల దాకానా? పెట్టె తప్పుకుంటే గానీ తెలియదు. చెవులున్నవాళ్లయితే పెట్టెలో ఏముందో చదువుతూ మాట కూడా వినగలరు. గంటక్కకు ఆ వీలు లేదు. నురుగు వేలితోనే నీలం రంగు బొత్తాం నొక్కేసేది. ఫోన్‌లో ఉన్న నంబర్లు చూడాలా? చూసుకో. క్యాలెండర్ చూడాలా? చూసుకో. యాప్ మూసేసినా మైకు వాడుకోవాలా? వాడుకో తల్లీ, ముందు అడ్డం తప్పుకో. పాపం, ఆమె తెలివితక్కువది కాదు. మాట తప్పిపోతుందేమోనన్న భయం అలాంటిది. ఆ పెట్టెను సరిగ్గా అప్పుడే ఊడిపడేలా చేసినవాళ్లకు ఆ భయం సంగతి బాగా తెలిసే ఉంటుందని నా గట్టి నమ్మకం.

తిప్పలు మొదలైంది ఒక మధ్యాహ్నం. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే ఆవిడ, పార్లర్లో అందరూ స్టాంపులావిడ అంటారు, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు నేరుగా వచ్చి గంటక్క ముఖానికి ముఖం పెట్టి నిలబడింది.

"నిన్న నా ఫోన్ మా ఆయన ఎత్తాడు. విడాకుల లాయరు ఆఫీసట. మేడమ్‌గారు వేరే ఇల్లు చూసుకుంటున్నారు కదా, మేము సాయం చేస్తాం అన్నారట. ఇల్లు చూసుకుంటున్నానని మా అమ్మకి కూడా చెప్పలేదు నేను. ఒక్క చోటే అన్నాను. అదిగో, ఆ బేసిన్‌లో పడుకుని."

గంటక్కకు పెదవులు అర్థమయ్యాయి కానీ విషయం అర్థం కాలేదు. "నాకేం తెలుసు చెల్లీ? నాకు వినపడదు కదా!" అంది, వీధి మొత్తానికీ వినపడేలా.

"వినపడదా?" స్టాంపులావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "రాత్రంతా ఆయన నన్ను నిలబెట్టి అడిగాడు. ఏం చెప్పమంటావు? నిన్ను నమ్మి చెప్పుకున్నాననా?"

అప్పుడే గంటక్క వీపు వెనక ఎవరో దువ్వెనలున్న స్టీలు పళ్లాన్ని కావాలనే నేల మీద జారవిడిచారు. చెవులు పోయినవాళ్లకు కాళ్లు వింటాయి. చెక్క నేల అదిరింది, పాదాలకు తెలిసింది, గంటక్క చటుక్కున వెనక్కి తిరిగింది. అంతే. కుర్చీల్లో ఉన్నవాళ్లు, వరసలో కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా ముఖాలు చూసుకున్నారు. "చూశారా!" అన్న పెదవులు గంటక్క స్పష్టంగా చదివింది. ఒక్క మూతి కాదు, చుట్టూ ఉన్న మూతులన్నీ అదే మాట అంటున్నాయి.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నేల సంగతి చెప్పబోయింది, ఎవరూ చెవిన పెట్టలేదు. ఆడపడుచు అడ్డం వచ్చి పళ్లెం వదిలినావిడ మీద నిప్పులు చెరిగింది కానీ, ఈలోగా అందరికీ ఏదో ఒకటి గుర్తొచ్చింది. ఒకావిడకు మోకాళ్ల నొప్పుల మందులవాళ్లు ఫోన్ చేశారట. ఇంకొకామెకు బాకీలు తీర్చే కంపెనీవాళ్లు వెంటపడుతున్నారట. అవన్నీ ఇక్కడ అన్న మాటలేనట. సగం తడి జుట్టుతోనే కొందరు లేచి వెళ్లిపోయారు.

తరవాత పార్లర్ బోసిపోయింది. గిరాకీ తగ్గడం గంటక్కను అంతగా బాధపెట్టలేదు. చిన్నప్పటి నుంచి బడిలో, బస్సులో, పెళ్లిళ్లలో ఆ చెవిటితనాన్ని మోసుకొచ్చింది. దాని వల్ల పోగొట్టుకున్నవి పోగొట్టుకుంది. ఇప్పుడు అది నాటకం అంటున్నారు. అదీ ఆమె గుండెను కోసింది.

"వదినా, డాక్టరు దగ్గర కాగితం తెచ్చి గోడకి తగిలిద్దాం" అంది ఆడపడుచు.

"చస్తే తగిలించను. నేను చెవిటిదాన్నని ఊరందరికీ రుజువులు చూపించుకుంటూ బతకాలా?" అని గంటక్క అరిచింది. చెప్పుల దుకాణం ఆసామి మాత్రం ఆ రుజువు ఉచితంగానే అందుకున్నాడు.

కొన్నాళ్లకు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసే పాత కస్టమరు వచ్చింది. ఆ గొడవలేవీ ఆమెకు తెలియవు, తెలిసినా లెక్కచేసే మనిషి కాదు. నెలలో మొదటి శనివారం ఉదయం ఆమెదే, గంటక్క ఫోన్ క్యాలెండర్‌లో ఆమె పేరుతోనే ఉంటుంది. రావడం రావడమే మండిపడుతూ వచ్చింది.

"ఎవరో సంతానం ఆసుపత్రివాళ్లట గంటక్కా! రోజూ ఫోన్లు. పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లలు లేరని బెంగపడకండి మేడమ్ అంటారు. ముగ్గుర్ని కన్నాను, ముగ్గురూ నా ప్రాణం తోడేస్తున్నారు, ఇంకా కావాలంటే మీరే ఒకణ్ని తీసుకుపోండి అని చెప్పాను. అయినా వదలరే!"

ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. అద్దం పక్కనున్న ఫోన్ ఈ మాటలన్నీ బుద్ధిగా అక్షరాలుగా రాసి చూపిస్తోంది. గంటక్క కూడా నవ్వబోయి ఆగిపోయింది. మొదటి శనివారం. పోయిన నెల మొదటి శనివారం నర్సుకు డ్యూటీ పడి రాలేదు. ఆ వేళకు తన చెల్లెల్ని పంపింది. బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ. ఒత్తయిన ఉంగరాల జుట్టు, నీళ్లు ఓ పట్టాన లోపలికి దిగవు. ఆ రోజు బేసిన్‌లో చాలాసేపు పడుకుంది. లేచేటప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. క్యాలెండర్‌లో పేరు మాత్రం అక్కదే ఉండిపోయింది, మార్చలేదు.

గంటక్క ఫోన్ తెర వైపు తిరిగింది. ఆ రోజు పడుకున్నది చెల్లెలని తనకు తెలుసు, ఆడపడుచుకు తెలుసు. తెలియనిది ఒక్కదానికే. ఆమె తువ్వాలు తీసి ఫోన్ మీద కప్పి, గొంతు నొక్కినట్టు గట్టిగా చుట్టేసింది.

"ఏమైంది గంటక్కా?" అంది నర్సు.

చెప్పవచ్చు. ఆ ఒక్క ముక్క చెబితే తన మీద పడ్డ మచ్చ అక్కడికక్కడే చెరిగిపోతుంది. నర్సు నోట పడితే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. కానీ చెల్లెలు ఆ బాధను సొంత అక్కకే చెప్పుకోలేదు. బేసిన్‌కు చెప్పుకుంది. గంటక్క "ఏం లేదమ్మా, ఫోన్ వేడెక్కింది" అంది. జన్మలో మొదటిసారి ఆమె గొంతు మెల్లగా వచ్చింది.

నర్సు వెళ్లాక వదిన, ఆడపడుచు కలిసి ఫోన్‌ను చీల్చి చెండాడారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే తాము ఏమేమి అప్పజెప్పారో తెలిసింది. మైకు, అన్ని వేళలా. నంబర్లు, అన్నీ. క్యాలెండర్, మొత్తం. ఏ యాప్ మైకును ఎప్పుడు వాడిందో ఫోన్ తనంతట తానే రాసుకుంటుంది. తాము మూసేశామనుకున్న గంటల్లో కూడా ఆ యాప్ చెవి ఒగ్గి వింటూనే ఉంది. అది ఉన్న చోటికీ బేసిన్‌కూ మధ్య పట్టుమని పది అడుగులు కూడా లేవు.

"ఇప్పుడే పీకేస్తా" అని ఆడపడుచు వేలు చాచింది.

"ఆగు. దొంగని పంపించేస్తే నేను దొంగననే మిగులుతుంది. ముందు నలుగురి ముందూ పట్టిద్దాం."

పార్లర్‌కు ఎవరూ రాని పూట చూసి ఉచ్చు పన్నారు. క్యాలెండర్‌లో ఆడపడుచు పేరు రాశారు. ఆ అమ్మాయి బయటికి వెళ్లిపోయింది. గంటక్క బేసిన్‌లో తానే వెల్లకిలా పడుకుని, చెవిలో చెప్పినట్టు అతి రహస్యంగా, తనకు బట్టతల వస్తోందని, విగ్గు పెట్టుకోక తప్పదేమోనని, సిగ్గుతో చచ్చిపోతున్నానని చెప్పుకుంది. ఆ రహస్యానికి చెప్పుల దుకాణం ఆసామి కొట్టు వదిలి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆమె తలను జాలిగా ఒకసారి చూసి వెళ్లాడు.

రెండు రోజులు కాకముందే ఆడపడుచు ఫోన్‌కు పూనకం వచ్చింది. నడుము కింది దాకా జడ వేసుకునే పిల్లకు పొద్దున విగ్గులవాళ్లు, మధ్యాహ్నం బట్టతల వైద్యులు.

అప్పుడు ఆడపడుచు ఎవరికీ ఫోన్ చేయకుండా కాళ్లకు పని చెప్పింది. ఇంటింటికీ తిరిగి ఆదివారం ఉదయం ఒక్కసారి వచ్చి పొమ్మని బతిమాలింది. పోస్టాఫీసులో వరసలో నిలబడి, స్టాంపు కొని, "మీరు రాకపోతే మా వదిన అన్నం తినదు" అని స్టాంపులావిడ చేతిలో స్టాంపు డబ్బులతో పాటు ఆ మాట కూడా పెట్టి వచ్చింది.

ఆదివారం పార్లర్ నిండింది. తిట్టడానికి వచ్చినవాళ్లు కొందరు, చూడటానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది. స్టాంపులావిడ తలుపు దగ్గరే నిలబడింది. నర్సు, పంతులమ్మ పక్కపక్కన కూర్చున్నారు. గంటక్క జరిగిందంతా చెప్పింది, పెట్టెలు ఊడిపడటం, తాను నీలం బొత్తాం నొక్కడం, ఏదీ దాచలేదు. తరవాత ఆడపడుచు ఫోన్‌ను బల్ల మీద పెట్టి అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. రోజంతా చంపుకుతినే ఫోన్, ఆ పూట నోరు మెదపదే! ఎవరో ఆవలించారు. ఆడపడుచు గోళ్లు కొరకడం మొదలుపెట్టింది, రంగు వేసుకున్న గోళ్లే.

చివరికి మోగింది. స్పీకరు నొక్కింది.

"నమస్తే మేడమ్! మీ బట్టతల గురించి ఇక దిగులు వద్దు..."

ఆడపడుచు లేచి, జడ ముందుకు వేసుకుని, అందరికీ చూపిస్తూ, "అయ్యో, ఎంత మంచివారండీ, మొత్తం ఊడిపోయింది" అంది. పార్లర్ నవ్వులతో దద్దరిల్లింది.

నవ్వనిది స్టాంపులావిడ ఒక్కతే. "ఇది మీరు మీరు ఆడుకున్నదే. ఎవరిచేతో చేయించి ఉండొచ్చు. నేనెలా నమ్మను?" అంది. ఆమె గొంతులో పొగరు లేదు. ఒకసారి మోసపోయిన మనిషి జాగ్రత్త అది. నవ్వులు ఆగిపోయాయి. గంటక్క ముఖం మాడిపోయింది. ఇక చూపించడానికి తన దగ్గర ఏమీ లేదు. ఉన్నది చెప్పకూడనిది.

అప్పుడు పంతులమ్మ లేచి నిలబడింది. గంటక్కకు కనపడాలని అద్దం వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి పలికింది.

"పోయిన నెల మొదటి శనివారం ఇక్కడికి వచ్చింది అక్క కాదు, నేను. పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్నామని, అది కూడా ఫలించడం లేదని ఈ బేసిన్‌లో పడుకుని ఏడ్చాను. ఫోన్లు నాకు రాలేదు. అక్కకి వచ్చాయి. గంటక్కే చెప్పి ఉంటే నా పేరు చెప్పేది కదండీ? పడుకున్నది నేనని తెలీనిది ఆ ఫోన్‌కే. దానికి తెలిసింది క్యాలెండర్‌లో ఉన్న పేరొక్కటే."

పంతులమ్మ గంటక్క వైపు తిరిగింది. "మొన్న మా అక్క మాట పూర్తికాకముందే ఫోన్‌కి తువ్వాలు చుట్టావట, ఆమె ముందే నీకు అర్థమైపోయింది. ఒక్క ముక్క అంటే నువ్వు బయటపడేదానివి. అనలేదు. ఇంటికొచ్చి అక్క ఫోన్లని తిడుతుంటే నాకూ అర్థమైంది, కానీ నోరు రాలేదు. నన్ను క్షమించు."

హెడ్ నర్సు చెల్లెల్ని రెండు చేతులతో లాక్కుని గుండెకు అదుముకుంది. "నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా? నేను ఆసుపత్రిలోనే కదే ఉండేది!" అని ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ముద్దు పెట్టుకుంది. స్టాంపులావిడ తలుపు దగ్గరి నుంచి వచ్చి, గంటక్క చేయి పట్టుకుని, వదలకుండా పక్కనే కూర్చుంది. గంటక్కకు వేరే మాట అక్కర్లేకపోయింది. కడుపు నిండిపోయింది.

ఆ తరవాత ఆ ఆడవాళ్లను పట్టడం ఎవరి తరమూ కాలేదు. జనం సమాచారాన్ని కాపాడే ప్రభుత్వ కార్యాలయం ఒకటుందని నర్సు కనుక్కొచ్చింది. ఫిర్యాదు మీద మొదటి సంతకం స్టాంపులావిడదే. విచారణ రోజు కంపెనీ తరఫున ఇస్త్రీ నలగని కోటు ఒకటి వచ్చింది. లోపల మనిషి కూడా ఉన్నాడు. "మేము ప్రతిదానికీ అనుమతి అడిగాం. ఈవిడే ఇచ్చారు" అని తేల్చేశాడు.

గంటక్క లేచింది. "ఇచ్చాను. నిజమే. నా కోసం వినమని ఇచ్చాను. ఆ బేసిన్‌లో పడుకున్నవాళ్ల మాటలు నావా, మీకు ఇచ్చెయ్యడానికి? వాళ్లని ఎవరు అడిగారు? ఏ బొత్తాం వాళ్ల ముందు పెట్టారు?"

ఆడపడుచు చెయ్యి అలవాటు కొద్దీ కిందికి సైగ చేయబోయి మధ్యలో ఆగింది. వద్దు, ఇవ్వాళ తగ్గించొద్దు. ఆ గొంతు గది దాటి, వరండా దాటి, మెట్ల మీద వేరే పనికి వచ్చినవాళ్ల దాకా వెళ్లింది. వాళ్లు కూడా తలుపు దగ్గరికి చేరారు. కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. యాప్‌ను జనం ఫోన్లలోకి ఎక్కకుండా ఆపేశారు, పోగుచేసినదంతా చెరిపేయమన్నారు, భారీ జరిమానా వేశారు. ఆ వార్త వచ్చిన రోజు చెప్పుల దుకాణం ఆసామి గంటక్కకు కొత్త చెప్పుల జత ఇచ్చాడు, చాలాకాలంగా అంతా వింటున్నందుకు.

గంటక్క మాటలు చదవడం మానలేదు. ఎందుకు మానాలి? మాటను ఫోన్ లోపలే అక్షరాలుగా మార్చేది, నెట్ అక్కర్లేనిది ఇంకొకటి వెతికి పెట్టుకుంది. దానికి మైకు తప్ప ఏదీ ఇవ్వలేదు, అదీ తెరిచి ఉన్నంతసేపే. ఇప్పుడు పెట్టె ఊడిపడితే కత్తెర ఆపుతుంది, చేతులు తుడుచుకుంటుంది, మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది, ఎంతటివాళ్లయినా ఆగాల్సిందే. ఆడపడుచు అయితే గోళ్ల రంగు ఆరేదాకా కదలలేని కస్టమర్ల ఫోన్లు తీసుకుని, వాళ్ల కళ్లెదుటే సెట్టింగ్స్ తెరిచి, "మీ టార్చి లైటుకి మీ మైకు దేనికండీ?" అని పీకి పారేస్తోంది.

స్టాంపులావిడ ఒక సాయంత్రం వచ్చింది. వేరే ఇంట్లోకి మారిందట, తనంతట తాను, తాను అనుకున్న రోజున, మొగుడికి చెప్పాల్సిన మాట తన నోటితోనే చెప్పి. బేసిన్‌లో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. గంటక్క ఫోన్ ఆపేసి సొరుగులో పెట్టి మూసింది. నీళ్లు పడ్డాయి. గంటక్క దేనికీ ఎదురుచూడలేదు, ఊరికే నురుగు తీస్తూ ఉంది. అంతలో కణతల దగ్గరున్న తన వేళ్ల కింద ఆ మనిషి దవడ ఎముక మెల్లగా కదలడం మొదలైంది. కదిలి, ఆగి, మళ్లీ కదిలింది. ఇక ఆగలేదు.

గంటక్క వెంటనే తల ఎత్తి గోడ వైపు చూసింది, పెదవులు పొరపాటున కూడా కంట పడకుండా.